ఒస్మో ఇంటికి ముప్ఫై నాలుగు కిలోమీటర్లు

మా వైపు ఇళ్ళకి తిరిగి వైద్యం చేసే నర్సులు మూడేళ్ళలో ముగ్గురొచ్చారు. మొదటామె నవంబరులో కారుతో సహా రోడ్డు పక్క గుంటలోకి పోయింది. మర్నాడే ఉద్యోగం మానేసింది. రెండో ఆమె డిసెంబరు దాకా ఓపిక పట్టి, ఆ తర్వాత మంచుకుప్పలోకి పోయింది. మూడో ఆమె ఎక్కడికీ పోలేదు. అక్టోబరు చివర్లో వచ్చి, రోడ్డు చూసి, కారు దిగకుండానే వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయింది. ముగ్గురిలోనూ తెలివైనది ఆవిడే అని నా అభిప్రాయం.

నా పేరు సైమి. అరవై ఒకటి నిండాయి. ఉత్తరాది అడవుల మధ్య కైనూలో, ఒక చర్చీ ఒక కిరాణా కొట్టూ ఉన్న ఊళ్ళో టైర్ల షాపు నడుపుతాను. ఈ నర్సుల గొడవ నాకెందుకంటే, మా అన్న ఒస్మో ఊరికి ముప్ఫై నాలుగు కిలోమీటర్ల అవతల అడవిలో ఒక్కడే ఉంటాడు. చక్కెర జబ్బు. కళ్ళు సగం పోయాయి, సూదిమందు గొట్టం మీద అంకెలు కనపడవు. కాలికి మానని పుండొకటి. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు వెళ్ళి సూది వెయ్యాలి, కట్టు మార్చాలి. నర్సు లేని రోజుల్లో పట్నం నుంచి రోజుకొకరు వచ్చి వేసి పోయేవారు. మూడో ఆమె వెళ్ళిన మరుసటి ఏడాది ఆగస్టులో, నర్సుల్ని పంపే పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, ఈ చలికాలం కూడా నర్సు నిలవకపోతే ఒస్మోని నూట పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్నంలో, ముసలివాళ్ళ ఆశ్రమానికి మార్చేస్తామని చెప్పాడు. ఒస్మో ఆయనకి కాఫీ ఇచ్చాడు.

"తీసుకెళ్ళడానికి ఎవరొచ్చినా కాఫీ ఇస్తా. నన్ను మాత్రం ఇవ్వను," అన్నాడు.

ఆయన ఆ మాట కాగితం మీద రాసుకుని వెళ్ళాడు.

చెల్లెలివి కదా, నువ్వే వెళ్ళి ఉండరాదా అని మీరనొచ్చు. ఉన్నాను. నాలుగేళ్ళ కిందట, నాలుగు రోజులు. నాలుగో రోజు భోజనాల దగ్గర టైర్ల మీద మాటొచ్చింది. ఒస్మో మేకుల మనిషి. టైరుకి చుట్టూ చిన్న చిన్న ఇనప మేకులుండాలి, అవి గడ్డమంచుని కరిచి పట్టుకోవాలి, లేకపోతే అది టైరే కాదంటాడు. నలభై ఏళ్ళు దుంగల లారీ నడిపాడు. నేను మేకులు లేని మనిషిని. రబ్బరు మెత్తగా ఉండి, దాని మీద సన్నని కోతలుంటే మంచుని అదే పట్టుకుంటుంది, చప్పుడుండదు, రోడ్డు గోక్కుపోదు అంటాను. నేను ముప్ఫై ఏళ్ళుగా టైర్లు అమ్ముతున్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు వాడు. నా కుందేలుకి మాత్రం నిజంగానే నాలుగున్నాయి. ఆ రాత్రే సంచి సర్దుకుని వచ్చేశాను. అయినా ఒక మాట చెప్పాలి. మా నాన్న పోయినప్పుడు నాకు పదకొండేళ్ళు. నన్ను పెంచిందీ, లారీలో ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగు చేతికిచ్చిందీ ఒస్మోనే. వాడు లేకపోతే ఈ భూమ్మీద నాతో పోట్లాడ్డానికి మనిషి లేడు.

అక్టోబరు మధ్యలో నాలుగో నర్సు వచ్చింది. ఎర్ర రంగు చిన్న కారు షాపు ముందు ఆగింది. అందులోంచి ఇరవై ఆరేళ్ళ పిల్ల దిగింది, సన్నగా, మెడకి మూడు చుట్లు మఫ్లరు.

"నమస్కారమండీ. సైమి గారు మీరేనా? నా పేరు వెన్లా. టుర్కు నుంచి వచ్చాను."

"ఇక్కడ గారూ, అండీ ఎవరూ అనరు. అంటే ఆస్తి పంపకానికి వచ్చారనుకుంటారు. సైమి అను."

"సరేనండీ."

చలికాలం టైర్లు ఉన్నాయంది, డిక్కీలో తెచ్చుకుందట, బిగిస్తే చాలంది. తీసి చూశాను. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, తయారైన వారమూ ఏడాదీ. వేలు పెట్టి చూపించాను.

"ఇది పుట్టి పదకొండేళ్ళయింది."

"కానీ అరగలేదు కదా? గాళ్ళు చూడండి... చూడు, ఎంత లోతుగా ఉన్నాయో."

"గోరుతో నొక్కు."

నొక్కింది. మళ్ళీ నొక్కింది. "దిగట్లేదు," అంది.

"నెల కిందటి రొట్టె కూడా చూడ్డానికి బాగానే ఉంటుంది. కొరికితే తెలుస్తుంది. రబ్బరు ముసలిదైపోయింది. దీంతో వెళ్తే మొదటి చలికే నువ్వు గుంటలో ఉంటావు."

"ఇంతకుముందు నర్సు కూడా..."

"ముగ్గురొచ్చారు, ముగ్గురూ పోయారు."

పిల్ల మఫ్లరు ఇంకో చుట్టు చుట్టుకుంది. నేను లోపలికి వెళ్ళి బల్లల మధ్య నిలబడ్డాను. నా షాపులో మేకులు లేని టైర్లు ఎదురుగా, వెలుతురులో ఉంటాయి. మేకులవి వెనకాల, మెట్ల కింద ఉంటాయి. ఒస్మో ఇంటికి చివరి పన్నెండు కిలోమీటర్లు అడవి మట్టిరోడ్డు. మూడు గుట్టలు. గుట్ట కింద ఊటనీరు పొంగి రోడ్డు మీదే గడ్డకడుతుంది. నడిపేది దక్షిణాన సముద్రం ఒడ్డునున్న టుర్కు పిల్ల, మంచు మీద చెయ్యి తిరగనిది. అలాంటి రోడ్డుకి, అలాంటి డ్రైవరుకి ఏ టైరు వెయ్యాలో నాకు తెలుసు. తెలియనట్టు పది నిమిషాలు అక్కడే నిలబడ్డాను. తర్వాత మెట్ల కిందికి వంగి మేకుల టైర్లు నాలుగు బయటికి లాగాను.

"ఇవి వేస్తున్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా ఒస్మోకి చెప్పకు."

"ఎందుకు?"

"చెప్పకు అంతే."

నాలుగు చక్రాలూ బిగించాను. మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా నడుపు, మేకులు కుదురుకోవాలి అని చెప్పాను. వారం తిరక్కుండా ఒస్మో ఫోను చేశాడు. వాడికి ఫోనన్నది చెయ్యడానికే, ఎత్తడానికి కాదు. చేశాడంటే ఏదో ఉన్నట్టే.

"మేకులు," అన్నాడు.

"ఏ మేకులు?"

"ఆ పిల్ల బండికి. వాకిట్లో రాయి మీదికి ఎక్కినప్పుడు వినిపించింది. నాకు కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు."

అవతల వాడు కాఫీ గుటక వెయ్యడం వినిపించింది.

"ముప్ఫై ఏళ్ళు పట్టింది," అని ఫోను పెట్టేశాడు. ఆ రోజంతా నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

టైరు వెయ్యడం ఒకటి, నడపడం ఒకటి. ఊరి చివర పాత కంకర గుంత ఉంది, ఫుట్‌బాల్ మైదానమంత. నవంబరులో చలి బిగిశాక తౌనో అక్కడ నీళ్ళు పోశాడు. తౌనో మా వైపు రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు, నిప్పంటుకుంటే నీళ్ళ బండి కూడా అతనే తెస్తాడు. ఆ నీళ్ళ బండితోనే పోశాడు. తెల్లారేసరికి గుంతంతా అద్దమైంది. ప్రతి ఆదివారం వెన్లాని అక్కడికి తీసుకెళ్ళాను.

"యాభైకి పోనీ. ఇప్పుడు బ్రేకు తొక్కు. అలా కాదు, కాలు విరిగేలా తొక్కు."

తొక్కింది. బ్రేకు గడగడమని వణికింది. పిల్ల కెవ్వుమని కాలు తీసేసింది. కారు అవతలి గట్టు దాకా జారి ఆగింది.

"ఏదో విరిగింది!"

"ఏం విరగలేదు. బ్రేకు దాని పని అది చేసుకుంటోంది. చేసుకోనీ. నువ్వు కాలు మాత్రం తియ్యకు."

"అది అరుస్తోంది సైమీ!"

"అరవనీ. నువ్వు అరవకు."

మంచి టైరు మీద, పొడి రోడ్డు మీద ఆగడానికి పట్టే దూరానికి ఈ అద్దం మీద ఆరింతలు పడుతుంది. ఆ మాట నోటితో చెప్తే ఎవరికీ ఎక్కదు. అందుకని అట్టపెట్టెలు వరసగా పెట్టించి, ఒక్కో పెట్టెని తనచేతే గుద్దించాను. మొదటి ఆదివారం పద్నాలుగు పెట్టెలు పోయాయి. రెండో ఆదివారం తొమ్మిది. తర్వాత కావాలని కారుని జారనిచ్చి నిలబెట్టడం నేర్పాను. బండి వెనక భాగం పక్కకి పోతుంటే అందరూ తాము గుద్దబోయే చెట్టునే చూస్తారు. చెట్టుని చూస్తే చేతులు చెట్టు వైపే తిప్పుతాయి. పోవాల్సిన చోటు చూడాలి. ఇది చెప్పడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది, ఆ పిల్లకి తల ప్రాణం తోకకొచ్చింది.

ఒకరోజు కారాపి స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను ఫ్లాస్కు మూత తీసి కాఫీ పోసిచ్చాను. కాఫీ తాగి, ముక్కు చీది, నా మీద విరుచుకుపడింది.

"ఒక్కసారైనా బాగుంది అంటావా నువ్వు? ఐదు వారాలయింది!"

"బాగా లేనప్పుడు చెప్తున్నాను కదా."

"అయితే?"

"చెప్పనప్పుడు బాగున్నట్టే."

"మా ఊళ్ళో మనుషులు మాట్లాడతారు," అంది.

"మీ ఊళ్ళో మంచు అంతగా పడదు కాబట్టి తీరిక ఉంటుంది. ఊఁ, ఇంకోసారి తిప్పు."

కోపమొచ్చాక బాగా నడిపింది. కొందరికి అంతే, భయం మీద నేర్చుకోలేరు. ఆ సాయంత్రం ఒక మాట గట్టిగా చెప్పాను. మైనస్ ముప్ఫైకి భయపడకు, అప్పుడు మంచు ఇసకలా గరుకుగా ఉంటుంది. సున్నాకి భయపడు. మంచు మీద వాన పడిందంటే మాత్రం మేకులున్నా, దేవుడే పక్కన కూర్చున్నా బయల్దేరకు.

"మరి ఒస్మో సూది?"

"వాన వారం ముందు చెప్పి రాదు గానీ, ఒకరోజు ముందు చెప్తుంది. అప్పుడు ఆలోచించుకో."

నేను ఆలోచించలేదు. అది నా తప్పే.

డిసెంబరులో ఒక సోమవారం పొద్దున్న వెన్లా గుంటలోకి పోయింది. ఆ సంగతి నాకు వెన్లా చెప్పలేదు. పెట్రోలు బంకులో కాఫీ దగ్గర తౌనో చెప్పాడు. రెండో గుట్ట దిగుతుంటే ఎదురుగా దుప్పి నిలబడిందట. దుప్పిని తప్పించింది, గుంటని తప్పించలేకపోయింది. తౌనో బండి వచ్చేసరికి కార్లో కొవ్వొత్తి వెలిగించుకుని, ఉన్ని దుప్పటి కప్పుకుని కూర్చుని ఉందట. అవి రెండూ కార్లో పెట్టించింది నేనే.

"ఏడ్చిందా?" అనడిగాను.

"లేదు. తాడు ఎక్కడ కట్టాలో నాకే చూపించింది. లాగి పెట్టా. ఒస్మో ఇంటికే పోయింది."

"ఏమైనా అందా?"

"నేను అడగలేదు," అన్నాడు తౌనో.

అడిగితే తౌనో ఎందుకవుతాడు! నేనూ అడగలేదు. మా ఊళ్ళో ఒక మనిషి గుంటలోకి పోతే, ఆ మనిషి తనంతట తను చెప్పేదాకా ఎవరూ ఆ ఊసెత్తరు. సిగ్గుపెట్టినట్టవుతుంది. ఆ ఆదివారం కంకర గుంతలో ఇద్దరం మామూలుగా తిరిగాం. నేను పెట్టెలు పెట్టాను, తను ఒక్కటీ గుద్దలేదు. ఇద్దరమూ గుంట మాట ఎత్తలేదు.

క్రిస్మస్ ముందు తౌనోనే ఇంకో కబురు తెచ్చాడు. టుర్కులో పెద్దాసుపత్రిలో ఖాళీ ఉందట, ఫిబ్రవరి నుంచి. వాళ్ళమ్మ ఫోనులో చెప్తుంటే కొట్లో వరసలో వెనక నిలబడ్డవాళ్ళు విన్నారట. ఆ పిల్ల "చూస్తానమ్మా" అందట. అయినా అడగలేదు. ఎలా అడుగుతాను? పారిపోతున్నావా అనడమేగా! టైర్ల గాలి చూసి పంపించాను.

జనవరి మూడో వారం. గురువారం పొద్దున్న ఐదున్నరకి రేకుల కప్పు మీద చప్పుడు వినపడి మెలకువొచ్చింది. జనవరిలో వాన! లేచి తలుపు తీశాను. మెట్టు మీద కాలు పెట్టానో లేదో కిందికి జారి కూర్చున్నాను. అరమీటరు మంచు మీద పల్చటి నీటిపొర గడ్డకట్టి మెరుస్తోంది.

వెన్లా ఉండే గది మా షాపుకి ఎదురు. అటు చూశాను. కిటికీ చీకటి. రాత్రిపూట ఇంజను వెచ్చగా ఉండడానికి కారుకి తగిలించే కరెంటు తీగ, స్తంభం నుంచి ఊరికే వేలాడుతోంది. దాని మీదా మంచు కట్టింది. అంటే కారు రాత్రంతా అక్కడ లేదు. ముందురోజు మధ్యాహ్నం ఆ పిల్ల ఒక పెద్ద సంచీ, రెండు అట్టపెట్టెలూ కారులో పెట్టడం షాపు కిటికీలోంచి చూశాను. నేను చెయ్యి ఊపాను, తనూ ఊపింది. ఎక్కడికి అని అడగలేదు.

టుర్కు వెళ్ళిపోయింది. నాలుగో మనిషి. అప్పుడు నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ పిల్ల మీద, వాళ్ళమ్మ మీద, టుర్కు మీద, ఆ వాన మీద. తిట్టడం అయ్యాక భయమేసింది. ఒస్మోకి ఎనిమిదింటికి సూది పడాలి. ఒస్మోకి ఫోను చేస్తే మోగింది మోగింది, ఎత్తలేదు. వాడెప్పుడు ఎత్తాడు గనక. ఆఫీసుకి ఫోను చేద్దామా? చేస్తే అంబులెన్సు పంపుతారు. పంపినవాళ్ళు సూది వేసి ఊరుకోరు, నర్సు లేదు కాబట్టి ఒస్మోని అటే తీసుకుపోతారు. మళ్ళీ తీసుకురారు. వెన్లాకి చెయ్యొచ్చు. ఫోను చేతిలో పట్టుకున్నాను కూడా. ఏమని అడగాలో తెలియలేదు. జేబులో పెట్టేసుకున్నాను.

సూది నేనే వెయ్యాలనుకున్నాను. ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. లారీ చక్రం ఒంటిచేత్తో దింపుతాను గానీ, సూది చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. చిన్నప్పుడు టీకాలప్పుడు పడిపోయినదాన్ని, పెద్దయ్యాక కూడా పడ్డాను. అయినా బయల్దేరాను.

నా కారుకి మేకుల్లేవు. ముప్ఫై ఏళ్ళుగా లేవు.

మొదటి ఇరవై రెండు కిలోమీటర్లకి గంట పట్టింది. రెండో గేరు, కాలు గాల్లో పెట్టుకున్నట్టు. నా కారొక్కటే రోడ్డు మీద ఉంది. తౌనో కూడా బండి తియ్యలేదు, ఉప్పు చల్లినా వాన కడిగేస్తోంది. అడవి రోడ్డెక్కాక మొదటి గుట్ట ఎక్కాను. రెండోదీ ఎలాగో ఎక్కాను. మూడో గుట్ట సగంలో చక్రాలు తిరుగుతున్నాయి గానీ కారు కదలడం లేదు. కాసేపటికి కదిలింది, వెనక్కి. బ్రేకు తొక్కాను. కాలు తియ్యలేదు. బ్రేకు గడగడమంది. కారు మాత్రం పెళ్ళికూతురు నడిచినంత నిదానంగా, ఏ తొందరా లేకుండా, వెనక్కి జారి గుంటలోకి దిగి పడుకుంది. ముప్ఫై ఏళ్ళలో నేను గుంటలోకి పోవడం అదే మొదలు. ఎవరూ చూడలేదు, కానీ ఇప్పుడు మీకు చెప్తున్నాను.

కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చుంటే ఒస్మో సూది ఎవరు వేస్తారు? దిగాను. ఒస్మో ఇల్లు ఇంకా రెండు కిలోమీటర్లు. నడుద్దామంటే కాళ్ళు నిలవవు. రోడ్డు అంచున మంచు గుల్లగా ఉన్నచోట అడుగు పెట్టి, లేనిచోట నాలుగు కాళ్ళ మీద పాకాను. వాన నెత్తి మీద పడి జుట్టు గడ్డకట్టింది. ఎనిమిదైంది. ఎనిమిదున్నరైంది. వాడు సోఫా మీద పడిపోయి ఉంటాడని అనుకున్నాను. కింద పడి ఉంటాడనుకున్నాను. మేకుల గురించి వాడితో అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఏడుస్తూ పాకాను. గట్టిగానే ఏడ్చాను, అడవిలో వినేవాళ్ళెవరు.

తొమ్మిదింటికి వాకిట్లోకి చేరాను. కట్టెల కొట్టంలో ఎర్ర కారు నిలబడి ఉంది.

నాకు మొదట అర్థం కాలేదు. తలుపు తీశాను. పొయ్యి వెచ్చగా మండుతోంది. ఒస్మో బల్ల దగ్గర కూర్చుని గంజి తింటున్నాడు. ఎదురుగా వెన్లా, కాళ్ళకి ఒస్మో ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని, తనూ గంజి తింటోంది.

"తలుపెయ్యి, చలి," అన్నాడు ఒస్మో.

"సూది?" అన్నాను.

"ఎనిమిదింటికే వేశాను," అంది వెన్లా. లేచి నా చేతులు పట్టుకుంది. "అయ్యో, నీ చేతులు చూడు! ఎలా వచ్చావు?"

"నువ్వెప్పుడొచ్చావు?"

"నిన్న మధ్యాహ్నం. వానొస్తుందని రేడియోలో చెప్పారు కదా. ఊళ్ళోవాళ్ళ మందులన్నీ మూడు రోజులకి డబ్బాల్లో సర్ది పెట్టి, ఆఫీసుకి చెప్పి వచ్చేశాను. రాత్రి ఆవిరిస్నానం గదిలో, సౌనా బల్ల మీద పడుకున్నాను. వాన పడితే బయల్దేరకూడదన్నావుగా."

"మరి నాకు చెప్పొచ్చు కదా!" అని అరిచాను. "చెప్పి రావొచ్చు కదా!"

ఆ పిల్ల నన్ను విచిత్రంగా చూసింది. "కిటికీలోంచి చూశావుగా. చెయ్యి కూడా ఊపావు. నువ్వు అడగలేదు."

"నీ కారు ఎక్కడ?" అన్నాడు ఒస్మో.

"మూడో గుట్ట కింద."

వాడు ఇంకేమీ అనలేదు. అనకుండా ఉండడానికి వాడెంత కష్టపడ్డాడో నాకు తెలుసు, చెంచా రెండుసార్లు గిన్నెలో ఊరికే తిప్పాడు.

నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. కోటు మీంచి నీళ్ళు కారుతున్నాయి. అడగడం నాకు చేతకాదు. మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా మా ఇంట్లో ఎవరమూ డాక్టరుని అడగలేదు, ఆయన వచ్చి చెప్పేదాకా బెంచీ మీద కూర్చున్నాం. కానీ రెండు కిలోమీటర్లు పాకి వచ్చినదాన్ని, ఇంకా దాచుకోవడానికి నా దగ్గరేం మిగిలింది?

"టుర్కు వెళ్ళిపోతున్నావా?" అన్నాను. "ఫిబ్రవరిలో? నిజం చెప్పు. నువ్వెళ్తే వీణ్ణి తీసుకుపోతారు. వెళ్ళకు అనడానికి నాకు హక్కు లేదు. కానీ వెళ్ళొద్దు."

ఒస్మో చెంచా ఆగిపోయింది.

"రానని క్రిస్మస్ ముందే రాసేశాను," అంది వెన్లా. "అమ్మ ఇంకా అలకలోనే ఉంది."

నేను పొయ్యి పక్కన నేల మీద కూలబడి ఏడ్చాను. అడవిలో ఏడ్చినట్టు కాదు, అంతకంటే చిన్నపిల్లలా. ఒస్మో తన గిన్నె పక్కకి జరిపాడు. తర్వాత, "సైమికి గంజి పెట్టు, ఆకలిగా ఉన్నట్టుంది," అన్నాడు.

గంజి తిన్నాక వెన్లా నా ఎదురుగా కూర్చుంది. "ఉంటాను గానీ ఒక షరతు. నాకు జ్వరం రావచ్చు. నాకు సెలవు కావచ్చు. రోడ్డు మూసుకుపోవచ్చు. ఈయన ప్రాణం ఒక్క నా కారు మీదే ఉంటే ఎలా? నువ్వు సూది నేర్చుకోవాలి."

"నా వల్ల కాదు. చూస్తేనే పడిపోతాను."

"పడితే లేపుతాను. మొదటి ఆదివారం నేను పద్నాలుగు పెట్టెలు గుద్దాను. నువ్వేం అన్నావు? ఇంకోసారి తిప్పు అన్నావు."

వాన ఆగాక చలి బిగిసింది. తౌనో బండి రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ముగ్గురం అక్కడే ఉన్నాం. గురువారం సాయంత్రమంతా వెన్లా నాచేత ఉడికించిన బంగాళాదుంపకి సూది గుచ్చించింది. మొదటి దుంప దగ్గర కళ్ళు తిరిగాయి, కుర్చీ పట్టుకున్నాను. ఐదో దుంప దగ్గర నేల మీద కూర్చుని చేశాను. పదో దుంప దగ్గర నిలబడి చేశాను. ఆ పిల్ల ఒక్కసారి కూడా పాపం అనలేదు. ఆ దుంపలు రాత్రి ఎవరూ తినలేదు.

శుక్రవారం ఎనిమిదింటికి ఒస్మో కుర్చీలో కూర్చుని చొక్కా పైకెత్తాడు. తెల్లటి పొట్ట, మధ్యలో పాత మచ్చలు. వెన్లా అంకె తిప్పి గొట్టం నా చేతికిచ్చి పక్కకి జరిగింది. చర్మం మడత పట్టుకుని గుచ్చాను. పది లెక్కపెట్టి తీశాను.

ఒస్మో అరవలేదు. అరిచింది నేను. తర్వాత వాడు చొక్కా కిందికి లాక్కుని, "రేపు కూడా నువ్వే వెయ్యి, ఈ పిల్ల చేతులు మరీ చల్లగా ఉంటాయి," అన్నాడు.